నా జబ్బులన్నీ రాసుకోండి

పిల్లలూ, మీ అమ్మకు గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారని తెలిసిన రోజే నేను వస్తున్నానని చెప్పేశాను. మీ అమ్మ నర్సు కదా, జర్మనీలో తను పనిచేసే దవాఖానాలోనే ఆపరేషన్. అందుకని పక్కింటి సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. "చిన్నదే అమ్మా, నువ్వు పరేషాన్ గాకు" అంది. నాకు మాత్రం ఒకటే ఆలోచన. ఎవరికి ఆపరేషన్ అయినా మంచం పక్కన నిలబడేది తను. తనకైతే ఎవరు నిలబడతారు? మీ నాన్నవి గోదాములో షిఫ్టు డ్యూటీలు. మీలో ఒకరికి ఇంకా జడ వేయాలి, ఇంకొకరిని తిట్టి అన్నం తినిపించాలి.

నేను రావాలంటే వీసా కావాలి. వీసా కావాలంటే, అక్కడ నాకేదైనా అయితే దవాఖానా ఖర్చు మేం పెట్టుకుంటామని ఒక బీమా కంపెనీ రాసిచ్చిన కాగితం ఉండాలి. ఆ కాగితం దగ్గరే నా ప్రయాణం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మీ అమ్మ మీకు సగమే చెప్పి ఉంటుంది. తండ్రి పరువు కాపాడే కూతురు ఆమె. మిగతా సగం నేను చెబుతాను.

నాకు షుగరుంది, బీపీ ఉంది, థైరాయిడు ఉంది. మోకాళ్లు అరిగాయి. గుండెకు వెళ్లే నాళంలో ఒక స్టెంటు వేశారు. అయినా ఖమ్మం పక్కన మేముండే ఖానాపురం హవేలి నుంచి కూరగాయల సంచి పట్టుకుని షేర్ ఆటో ఎక్కి దిగుతాను, వంట చేస్తాను, మీ తాతతో వాదిస్తాను. ఈ చివరి పనికే ఎక్కువ బలం కావాలి.

బీమా దరఖాస్తు ఫోనులోనే నింపొచ్చని మీ అమ్మ చెప్పగానే మీ తాత కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. "దవాఖానా కాగితాల సంగతి నాకు తెల్వదా, తే ఇటు" అన్నాడు. అక్కడే పొరపాటు జరిగింది. అది మా బొగ్గుబావుల వాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు.

మీ తాత కొత్తగూడెం వైపు బావుల్లో పనిచేశాడు. బావిలోకి దిగలేనంత జబ్బు చేసిన మనిషి డాక్టర్ల బోర్డు ముందు నిలబడాలి. వాళ్లు అన్‌ఫిట్ అని రాస్తే ఆ మనిషి పనిలోంచి తప్పుకుంటాడు, ఇంట్లో కొడుకుకు ఆ పని దొరుకుతుంది. అందుకే మా క్వార్టర్లలో జబ్బును మెల్లగా చెప్పేవాళ్లు ఉండేవాళ్లు కాదు. బోర్డుకు పోయే మనిషి ఇంటికి ముందురోజు చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి, పెళ్లికొడుకును తయారుచేసినట్టు తయారుచేసేవాళ్లు. మెట్లు ఆగి ఆగి ఎక్కు, అడిగిన వెంటనే జవాబు చెప్పకు, కూర్చున్నవాడివి గోడ పట్టుకుని లే. మీ తాతకు నిజంగానే ఛాతీ బాగుండేది కాదు. కానీ మొదటిసారి బోర్డుకు పోయినప్పుడు పెద్ద డాక్టర్ల ముందు సిగ్గుపడి "కొంచెం దగ్గొస్తది సార్" అన్నాడట. ఫిట్ అని వెనక్కి పంపించారు. ఆ తర్వాత ఆయన ఏ జబ్బునూ 'కొంచెం' అని చెప్పలేదు. తనదే కాదు, నాదీ.

దరఖాస్తు అంతా నింపి నాకు చదివి వినిపించాడు. నా షుగరు, బీపీలతో పాటు ఆయాసం వచ్చింది, నరాల బలహీనత వచ్చింది, కళ్లు తిరిగి పడిపోవడం వచ్చింది.

"ఏందయ్యా గిది? నాకు ఆయాసం ఎప్పుడొచ్చింది?"

"మొన్న డాబా మీదికి బట్టలు ఆరేయ పోయి నడుమల ఆగినవ్ గదా."

"ఆగింది పక్కింటామెతోని ముచ్చట పెట్టెతందుకు."

"ఆగినవా లేదా?"

"మరి కళ్లు తిరిగి పడిపోయింది ఎవరు?"

"పడలే గని, పడబోయినవ్. గట్ల అడ్డం రాకే నువ్వు. జబ్బు బలంగ రాయాలె. తక్కువ రాస్తే మనల్ని లెక్కజెయ్యరు."

నేను వద్దనేలోపు నొక్కేశాడు. నా గొంతు సంగతి మీకు తెలుసు కదా. నేను వద్దని ఎంత గట్టిగా అన్నా అవతలివాళ్లకు సరే అన్నట్టే వినపడుతుంది.

జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మీకు బీమా ఇవ్వలేము, చింతిస్తున్నాము అని వచ్చింది. మీ తాత ఆ మెసేజీని దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. "ఇన్ని జబ్బులు జూపిస్తే గూడ ఇయ్యరా!" అన్నాడు. ఆయన మొహం చూస్తే నాకు కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది.

మీ అమ్మకు నవ్వు రాలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టించి ఇద్దరినీ వినమంది.

"నాన్నా, బోర్డుకాడ జబ్బు ఎక్కువుంటే పనైతది. బీమాకాడ జబ్బు ఎక్కువుంటే పని చెడతది. గీ మాత్రం తెల్వదా?"

"నాకెవరు జెప్పిండ్రు బిడ్డా? దవాఖానా కాగితమంటే దవాఖానా కాగితమే అనుకున్న."

 మీ అమ్మ గొంతు తగ్గించి, "అమ్మా, నువ్వు ఇగ రాకు. ఈ తిప్పలన్నీ ఎందుకు నీకు? నేను చూసుకుంట" అంది.

ఆ 'చూసుకుంట' నాకు తెలుసు. చిన్నప్పుడు చేతి మీద వేడి గంజి పడినప్పుడూ మీ అమ్మ ఇదే మాట అని, పెరట్లోకి పోయి ఒక్కతే కూర్చుంది. నేను ఫోన్లో సరే అనలేదు. అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను. మరుసటి రోజు చీర మార్చుకుని మీ తాతను వెంటబెట్టుకుని ఖమ్మంలో బీమా ఏజెంటు దగ్గరికి పోయాను.

ఆయన మంచివాడే. నలభై దాటినవాడు, మా ఇళ్ల వరసలో ఒకరి అల్లుడు. నన్ను పెద్దమ్మా అని కూర్చోబెట్టి, ఫ్యాను నా వైపు తిప్పి, ఒకసారి కాదన్నారని చెప్పగానే తల ఊపాడు.

"ఇంకో కంపెనీల వేద్దాం. ఈసారి ఏ జబ్బూ లేదని కొడదాం పెద్దమ్మా. అందరూ గట్లనే కొడుతరు."

"మరి మొదటి కంపెనీ కాదన్నదా అని అడిగితే?"

"లేదని కొడదాం."

"అక్కడ పోయినంక నాకు గుండె నొస్తే? స్టెంటు కనపడదా వాళ్లకు?"

"అప్పటి సంగతి అప్పుడు. ఏం గాదులే."

మీ తాత ఎక్కువ రాశాడు, ఈయన ఏమీ వద్దంటున్నాడు. నా ఒంట్లో ఏముందో అది ఉన్నట్టు రాయడానికి ఇద్దరికీ చేయి రావడం లేదు. నేను వద్దన్నాను. ఆయనకు వినపడలేదు. ఇంకోసారి వద్దన్నాను.

అప్పుడాయన ఇంకో దారి చూపించాడు. జబ్బులన్నీ ఉన్నట్టే రాస్తారట. కానీ పాతజబ్బుల వల్ల ఏదైనా అయితే పైసా ఇవ్వరు, మిగతావాటికే ఇస్తారు. ఆ కాగితంతో వీసా వచ్చేస్తుంది.

"మిగతావంటే ఏంది నాయనా?"

"అంటే, కాలు జారి పడ్డరనుకోండి. కుక్క కరిచిందనుకోండి. కడుపుల నొప్పి లేసిందనుకోండి."

"అంటే నన్ను కుక్క కరవాలె గని, గుండె నొయ్యొద్దు."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. "నా గుండె తీసేసి, షుగరు తీసేసి, బీపీ తీసేసినంక ఇగ మీరు బీమా చేసేది ఎవరికి? నా చీరకా?" అన్నాను. మీ తాత నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇల్లు దాటాక నేను ఇన్ని మాటలు మాట్లాడడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

"వీసా వస్తది గదా పెద్దమ్మా. మీకు కావల్సింది గదే గదా."

పిల్లలూ, ఇక్కడ నా మనసు నిజంగానే ఊగింది. ఆపరేషన్ దగ్గర పడుతోంది. ఆ కాగితం తీసుకుంటే గడప దాటేసేదాన్ని. కానీ అక్కడ నా గుండె ఆగితే, ఆపరేషన్ గాయం ఆరని మీ అమ్మ లేచి నా దవాఖానా బిల్లు కట్టాలి. మందు ధర తెలిసిన పిల్ల, గది కిరాయి తెలిసిన పిల్ల. నాకు కనపడకుండా ఏళ్ల తరబడి కట్టుకుంటుంది, నాకు మాత్రం చూసుకున్నానని చెబుతుంది. నేను తనకు తోడుగా పోవాలి. తన నెత్తిమీద కూర్చోవడానికైతే ఇక్కడే కూర్చుంటాను.

"గా కాగితం వీసా ఆఫీసుకు పనికొస్తది. నాకు పనికి రాదు. నా జబ్బులకు గూడ దిక్కుండే కాగితం చూడు నాయనా."

ఆయనకు విసుగొచ్చింది. "ఈ వయసుల గంత దూరం ఎందుకు పెద్దమ్మా? వీడియో కాల్ల చూస్తే సరిపాయె."

"వీడియో కాల్ల నా బిడ్డ వీపుకు వేన్నీళ్లు పోస్తనా?"

 ఆయన ఫోన్ తీసి ఎవరినో అడిగాడు, ఇంకెవరినో అడిగాడు. చివరికి ఒక కంపెనీ ఉందన్నాడు. పాతజబ్బు వల్ల ప్రాణం మీదికి వస్తే ఖర్చు పెట్టుకుంటారట. కాకపోతే ధర ఎక్కువ, పరీక్షలు చేయించాలి, స్టెంటు వేసిన డాక్టరు రాసివ్వాలి, ఆ తర్వాత ఫోన్లో వాళ్లు అడిగేవాటికి నేనే జవాబు చెప్పాలి. అప్పుడు కూడా ఇస్తారో లేదో చెప్పలేమన్నాడు. నేను సరే అన్నాను. ఆ మాట మాత్రం అందరికీ బాగా వినపడింది.

పరీక్షలయ్యాయి. రక్తం తీశారు, గుండె చూశారు. డాక్టరు ప్రయాణానికి ఫిట్ అని రాసిచ్చాడు. ఆ మాట చూడగానే మీ తాత మొహం వాడిపోయింది. ఆయనకు ఆ మాటంటే పడదు. ఆటోలో ఇంటికొచ్చేదాకా "ఫిట్ అని రాసిండేంది" అని గొణుగుతూనే ఉన్నాడు.

ఒకరోజు పొద్దున నేను వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే ఆ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఒక అమ్మాయి. నా మాటలు రికార్డ్ అవుతాయని చెప్పి, "మీకు ఉన్న ఆరోగ్య సమస్యలు చెప్పండి మేడమ్" అంది. చెప్పాను.

"వినపడట్లేదు మేడమ్. కొంచెం గట్టిగా చెప్పండి."

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే మాట. నా గొంతు అంతే. నేను పుట్టింది భద్రాచలం దాటాక అడవి అంచు ఊళ్లో. వేసవిలో ఆడవాళ్లంతా బీడీలు చుట్టే తునికాకు కోయడానికి అడవిలో చెదిరిపోయి, ఎవరు ఎక్కడున్నారో తెలియడానికి ఒకరికొకరు కూతలు వేసుకునేవాళ్లు. నా కూత ఎవరికీ వినపడదని మా అమ్మ నా చేతికి సత్తుగిన్నె ఇచ్చి కొట్టమనేది. అప్పటి నుంచీ నా బదులు ఎవరో ఒకరు మాట్లాడడం, నేను పక్కన నిలబడడం అలవాటైపోయింది.

ఇప్పుడూ మీ తాత చేయి చాపాడు. "ఇటియ్యి, నేను చెప్త."

ఇవ్వలేదు. లేచి నిలబడ్డాను. ఒడిలో చిక్కుడుకాయలన్నీ కింద పడ్డాయి. నా గొంతు పుట్టాక ఎప్పుడూ పోనంత పైకి పోయింది.

"షుగరున్నది. బీపీ ఉన్నది. థైరాయిడున్నది. గుండెల స్టెంటున్నది. మోకాళ్లు అరిగినయ్. ఇంతకుముందు ఒక కంపెనీ కాదన్నది. అన్నీ రాసుకో బిడ్డా. ఒక్కటి గూడ ఇడువకు."

పక్కింటామె గోడ మీంచి తల ఎత్తింది. ఎదురింటి వాళ్లు తలుపు తీశారు. మీ తాత ఊరుకుంటే బాగుండేది. అలవాటు ఎక్కడికి పోతుంది? నాకు సాయం చేద్దామని, ఫోన్‌కు వినపడేలా గట్టిగా రెండుసార్లు దగ్గాడు.

"మేడమ్, మీకు దగ్గు కూడా ఉందా?"

"గది నాది గాదు బిడ్డా. మా ఆయనది. ఆయన వస్తలేడు."

ఆ అమ్మాయి నవ్వాపుకోవడం నాకు వినపడింది. ఆయాసం ఉందా అని అడిగింది. లేదన్నాను. మెట్లు ఎక్కగలరా అంది. ఎక్కుతా, నడుమ ముచ్చట పెట్టడానికి ఆగుతా అన్నాను. ఫోన్ పెట్టేశాక పక్కింటామె గోడ దగ్గరే ఉంది. "అక్కా, నీకు స్టెంటున్న ముచ్చట మాకెన్నడు చెప్పకపోతివి" అంది. "నువ్వెన్నడు అడుగకపోతివి" అన్నాను.

నిన్న ఏజెంటే ఇంటికొచ్చి కాగితం ఇచ్చాడు. గుండెకు, షుగరుకు, బీపీకి ప్రాణం మీదికొస్తే వాళ్లు చూసుకుంటారు. మోకాళ్లకు మాత్రం ఇవ్వమన్నారు. పోనీ, మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను. పోతూ పోతూ ఆయన, "పెద్దమ్మా, వీసా కాడ ఈ జబ్బుల ముచ్చటంతా తియ్యకండి, అనవసరంగ" అన్నాడు.

"అడిగితే చెప్త" అన్నాను. ఈసారి ఆయనకు ఒక్కసారికే వినపడింది.

వీసా వాళ్లు పిలిచారు, హైదరాబాద్ పోతున్నాం. మీ అమ్మకు చెప్పాను. ఇంకా వద్దమ్మా అనే అంటోంది. ఎవరు వద్దన్నా వింటున్నానేమో మీరే చెప్పండి. మీకు ముందే ఒక మాట. నేనొచ్చాక అమ్మమ్మకు గుండెజబ్బు, అమ్మమ్మను కూర్చోనివ్వండి అని మీ నాన్న అంటాడు. వినకండి. నేను కూర్చోవడానికి రావట్లేదు. మీ అమ్మ దవాఖానా నుంచి వచ్చేసరికి పొయ్యి ఎక్కడుందో, బియ్యం డబ్బా ఎక్కడుందో నాకు చూపించండి చాలు. ఆమె మంచం మీంచి లేవబోతే వద్దని నేనే చెబుతాను. వినపడకపోతే మళ్లీ చెబుతాను.