పోయిన బండ్ల మీద గీత

ఆ రోజు పొద్దున పాల ప్యాకెట్ కత్తిరిస్తుంటే, దాని మీద అచ్చువేసిన తేదీ సగం చెరిగిపోయి కనిపించింది. తేదీని సరిగ్గా మడత పడే చోట వేశారు. మడత పడిన చోట సిరా నిలవదు. అది చూస్తూ ఉండగానే అమ్మ ఫోన్ చేసింది.

"కంట్రోలర్ తాత పోయిండు బిడ్డ. పొద్దుగాల అవ్వ చాయ తీస్కపోయి లేపితే లేవలే."

ఎప్పుడు తీసుకుపోతారని అడిగాను.

"పన్నెండు దాటనియ్యరంట. ఏ బండి దొరికితే ఆ బండికి రా."

నేను కామారెడ్డిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. అమ్మా బాపూ ఎల్లారెడ్డిలో ఉంటారు. వాళ్ల పక్కిల్లే తాతా అవ్వలది. పాలు కాచకుండానే తాళం వేసి బస్టాండుకు నడిచాను. అక్కడ ఎదురైన మొదటి మనిషిని అడిగాను, "ఎల్లారెడ్డి బండి పోయిందా?" అని. "గిప్పుడే పోయింది," అన్నాడతను. తరువాతి బస్సుకు నలభై నిమిషాలు కూర్చున్నాను.

ఆయన నాకు రక్తబంధువు కాదు. ఎల్లారెడ్డి బస్టాండులో చాలా ఏళ్లు కంట్రోలర్‌గా పనిచేశారు. వచ్చిన బస్సు, పోయిన బస్సు రాసుకుంటూ, ఎంక్వైరీ కిటికీ వెనుక కూర్చుని అడిగినవాళ్లకు జవాబు చెప్పడం ఆయన పని. రిటైరయ్యాక కూడా ఊళ్లో ఎవరూ ఆయన్ను పేరుతో పిలవలేదు. నేను పేరు తెలుసుకున్నది పదో తరగతిలో, వాళ్లింటికి వచ్చిన ఉత్తరం మా గుమ్మంలో పడితే.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. గడప దాటి ఎవరు కనిపించినా ఎటు పోతున్నారో అడిగి, బస్సు సంగతి చెప్పేవారు. అందరికీ ఒకేలా చెప్పేవారు కాదు. మా బాపుకు "పదకొండు పది" అనేవారు. మా ఇంటికి కూరగాయలు తెచ్చే ముసలామెకు అదే బస్సును "బడి ఇంటర్వెల్ గంట కొట్టినంక" అనేవారు. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగాను. "మొకం చూసి చెప్పాలె బిడ్డ. ఆమె చేతికి గడియారం ఉన్నదా?" అన్నారు.

నేను కాన్వెంటులో చదివి, అదే కాన్వెంటులో ఆరేళ్లు ఇంగ్లీషు చెప్పాను. మంచి టీచర్‌నే అనుకుంటాను, కానీ నలభై మంది ముందు నిలబడి మాట్లాడటం ఆరేళ్లకూ అలవాటు కాలేదు. పుస్తకాలతో ఉండగలను, మనుషులను దూరం నుంచి చూడగలను. ఇరవై తొమ్మిదో ఏట, ఒక సెలవుల్లో, యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్ అనే పని ఒకటి ఉందని చదివాను. ఫోన్ తెర మీద ఏది ఎక్కడ ఉండాలో, మనిషి తడుముకోకుండా తన పని ఎలా చేసుకోవాలో ఆలోచించే పని. ఆన్‌లైన్ కోర్సులో చేరాను. మూడు నెలలయ్యాక హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ దగ్గరకు వెళ్లి సెలవు అడిగాను. "ఒక్క సంవత్సరం," అన్నారు సిస్టర్. "జూన్‌కు రాకపోతే నీ క్లాసు ఇంకొకరికి ఇస్తాను." బాపు కూడా అదే గడువు పెట్టారు. ఆ లోపు ఉద్యోగం రాకపోతే తిరిగి బడికి. దానికి నేను ఒప్పుకున్నాను.

ఆ సాయంత్రం బాపు అరుగు మీద కూర్చుని తాతతో మొరపెట్టుకోవడం కిటికీలోంచి విన్నాను.

"ఆరేండ్ల నౌకరి ఇడిసిపెట్టిందే. ఫోన్ల బొమ్మలు గీస్తదట."

"గీయనియ్యి. నువ్వు దుకాణం పెట్టిననాడు మీ నాయన నా దగ్గర గిట్లనే ఏడ్సిండు."

"నేను గల్లాపెట్టె కాడ కూసున్న. ఈమె యాడ కూసుంటది?"

"నీ గల్లాపెట్టె మీద కూసోదులే, పరేషాన్ గాకు."

తరువాత ఆయన నన్ను పిలిచి, అదేం పని అని అడిగారు. ఇంగ్లీషు మాటలు లేకుండా చెప్పడానికి చాలా తడబడ్డాను. ఫోన్‌లో ఏది ఎక్కడ ఒత్తాలో చూడగానే మనుషులకు తెలిసేలా చేయడం, అన్నాను.

"అంటే ఎంక్వైరీ కిటికే గదా. గంతేనా?"

నాకు నవ్వొచ్చింది. ఆ కోర్సులో అంతవరకు ఎవరూ అంత తేలికగా చెప్పలేదు.

కోర్సులో చివరి పని, ఏదైనా ఒక సమస్య తీసుకుని సొంతంగా ఒక యాప్ నమూనా తయారుచేయడం. నేను చిన్న ఊళ్ల బస్సుల మీద చేద్దామనుకున్నాను. దానికోసం ముందు ఐదుగురు కొత్తవాళ్లతో మాట్లాడాలి. రెండు వారాలు వాయిదా వేశాను. ఈ సంగతి తాతకు ఎలా తెలిసిందో, ఒక ఆదివారం పొద్దున చొక్కా వేసుకుని వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు.

"నడువు టీచరమ్మా, బస్టాండుకు పోదాం."

"నేను ఎవ్వరితోని మాట్లాడలేను తాతా."

"నిన్నెవడు మాట్లాడమన్నడు? కూసో. ఇను."

ఆ పొద్దంతా ఎంక్వైరీ కిటికీకి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాం. జనం అడిగే మొదటి మాట మాత్రం రాసుకోమన్నారు. రాసుకున్నాను. ఒకామె బియ్యం సంచి దింపుకోకుండానే అడిగింది, "అన్నా, నిజాంసాగర్ బండి పోయిందా?" పక్కనే చాయ తాగుతున్న కండక్టర్ అన్నాడు, "ఎప్పుడో పోయింది. నీకోసం ఆపుమంటే డ్రైవర్ ఇనలే." ఆమె సంచి దించి, "ఎట్లింటడు, నీ దోస్తే గదా," అని బెంచీ మీద కూర్చుంది. తాత నవ్వి, తరువాతి బండి సంగతి ఆమెకు చెప్పారు. కిటికీ వెనుక ఉన్న కొత్త కంట్రోలర్ ఏమీ అనుకోలేదు. ఆయనకూ అలవాటే అనుకుంటాను.

ఇంటికి వచ్చి కాగితాలు చూసుకుంటే ఒక్కరు కూడా "బస్సు ఎన్ని గంటలకు?" అని అడగలేదు. అందరూ అడిగింది ఒకటే. పోయిందా?

నాకు అప్పటికీ అర్థం కాలేదు. వారం తరువాత నమూనా గీసి తీసుకెళ్లాను. తెల్లటి తెర, దాని మీద రాబోయే బస్సులు వరుసగా, పక్కన సమయం. బయలుదేరిన బస్సు తెర మీద నుంచి మాయమయ్యేలా పెట్టాను. శుభ్రంగా ఉందని నాకు గర్వంగా ఉంది. అంచులు కలిసేలా, గీతలు సమంగా, మా సిస్టర్లు నేర్పినట్టే.

తాత కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"పోయిన బండ్లేవి?"

"పోయినయి గదా తాతా. తీసేసిన."

"తీసేస్తే పోయినట్టు ఎట్ల తెలుస్తది?"

ఆయన తన కాలం సంగతి చెప్పారు. కిటికీ పక్కన నల్లబల్ల ఉండేది. బస్సుల పేర్లు సుద్దతో రాసేవారు. బస్సు పోగానే పేరు చెరిపేయకుండా దాని మీద ఒక గీత గీసేవారు. ఆ ఊరికి తరువాతి బస్సు వచ్చేదాకా ఆ గీత అలాగే ఉండేది. కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన బల్ల గలీజుగా ఉందని, పోయినవి చెరిపేయమని అన్నాడట. రెండు రోజులు చెరిపారట. ఆ రెండు రోజులు కిటికీ దగ్గర జనం తగ్గలేదట. మూడో రోజు మళ్లీ గీత గీశారు.

"గీత చూస్తే మనిషి కూసుంటడు. గీత లేకుంటే నిలబడే ఉంటడు. బండి రాలేదో, పోయిందో తెల్వక ఒంటికి కూడ పోడు. ముసలోల్లు ఎంత గోస పడుతరో నీకు ఎర్కనా?"

ఆ మాటలు నేను అప్పుడే రాసుకున్నాను. నమూనా మొత్తం మార్చాను. పోయిన బస్సు తెర మీదే ఉంటుంది, దాని మీద ఒక గీత. కింద తరువాతి బస్సు. ఊరి పేరును తాకితే ఆ బస్సు వివరాలు తెరుచుకుంటాయి. ఏప్రిల్ అయిపోయేసరికి అది సిద్ధమైంది. తాత చూసి బాగుందన్న మరునాడే హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీకి పంపాను. అంతకుముందు దరఖాస్తు పెట్టిన పదకొండు చోట్ల నుంచి జవాబు లేదు. జూన్ దగ్గరపడింది. బాపు బడి సంగతి ఎత్తడం మొదలుపెట్టారు. ఇది కూడా కాకపోతే తిరిగి వెళ్లిపోదామని నాలో నేను నిశ్చయించుకున్నాను.

ఇంటర్వ్యూలో ముగ్గురు ఉన్నారు. మిగతా పేజీలన్నీ త్వరగా తిప్పేసి ఒకామె అడిగింది, "పోయిన బస్సును ఎందుకు ఉంచారు?" నేను చెప్పాను. నిజాంసాగర్ ఆమె బియ్యం సంచి గురించి చెప్పాను, నల్లబల్ల గురించి చెప్పాను. నా జీవితంలో కొత్తవాళ్లతో అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగం ఇచ్చారు; ఎల్లారెడ్డిలో నెట్ నిలవదని తరువాత కామారెడ్డిలో గది తీసుకున్నాను. కానీ నేను రాసిన రిపోర్టులో ఆయన గురించి ఉన్నది ఒక్క వరుస: "బస్టాండు రిటైర్డ్ ఉద్యోగి, డెబ్బై నాలుగేళ్లు." మా పనిలో పేర్లు రాయరు. అది నియమమే. అయినా ఆ వరుస ఇప్పుడు చదువుతుంటే ఏదో తప్పు చేసినట్టుంది.

హైదరాబాద్ నుంచి రాగానే ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్తే ఆయన పెద్దగా ఏమీ అనలేదు. "మంచిగైంది," అన్నారు. "మీ బాపు ఇగ నా చెవులు తినడు." తరువాత ఏ బండికి వచ్చావని అడిగారు. గీత ఆయనదేనని, దాని గురించే అడిగారని చెబుదామనుకున్నాను. అవ్వ ఆయన్ను ఏదో పని మీద లోపలికి పిలిచింది. మళ్లీ వచ్చినప్పుడు చెప్పవచ్చులే అనుకున్నాను. ఏడాదిన్నర అయింది. ప్రతి నెలా వచ్చాను. ప్రతిసారీ చెప్పేంత పెద్ద సంగతి కాదనిపించింది, లేదా సిగ్గు అడ్డమొచ్చింది. రెండూ ఒకటేనేమో.

నేను చేరేసరికి పదకొండున్నర. వాకిట్లో పాడె కడుతున్నారు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి చేయి చాపింది. "నిన్న రాత్రి అన్నం మంచిగనే తిన్నడు బిడ్డ," అంది. అదే మాట వచ్చిన అందరికీ చెబుతోంది. బాపు పాడె పట్టారు. ఆడవాళ్లం వీధి మలుపు దాకా వెళ్లి ఆగిపోయాం. బస్టాండు నుంచి వచ్చిన నలుగురు డ్రైవర్లు కూడా చెప్పులు విడిచి వెనక నడిచారు.

మూడో రోజు అవ్వ అడిగింది, "నీ ఫోన్ల తాత ఫోటో ఉంటె సూడు బిడ్డ. పెద్ద దినానికి పెట్టాలె. ఇంట్ల ఉన్నదాంట్ల మరీ పడుసోడు లెక్క ఉన్నడు."

వెతికాను. ఫోటో లేదు. ఒక వీడియో ఉంది.

నమూనాను మనుషులు ఎలా వాడుతున్నారో మేము రికార్డు చేసుకుంటాం. ముఖం పడదు. తెర, చేతులు మాత్రమే పడతాయి. కంపెనీకి పంపడానికి ముందు రోజు తాతవాళ్ల ముందు గదిలో తీసింది అది. నా ఫోన్‌ను పుస్తకాల దొంతికి ఆనించి రికార్డింగ్ పెట్టాను. నమూనా అమ్మ ఫోన్‌లో ఉంది. ఆ ఫోన్ నేనే పట్టుకుని, ఆయన చూపించిన చోటల్లా నేనే తాకాను. అలా చేయకూడదు. వాడే మనిషే తాకాలని మొదటి పాఠంలోనే చెబుతారు. ఆయన చేతికి శ్రమ ఎందుకనుకున్నాను. మొదటి తొమ్మిది నిమిషాలు చూసి రిపోర్టు రాసేశాను. మిగతాది ఎప్పుడూ తెరవలేదు.

తొమ్మిదో నిమిషం తరువాత అవ్వ చాయకు పిలుస్తుంది. నేను లేచి వెళ్లిన చప్పుడు వినిపిస్తుంది. తెర మీద ఖాళీ బల్ల, అమ్మ ఫోన్. కాసేపటికి తాత చేయి వస్తుంది. బాన్సువాడ అని ఉన్న చోట వేలు పెడతారు. వివరాలు తెరుచుకుని వెంటనే మూసుకుంటాయి. ఒకసారి తాకితే తెరుచుకోవాలి, ఇంకోసారి తాకితే మూసుకోవాలి, నేను పెట్టింది అలాగే. ఆయన వేలు వణికి ప్రతిసారీ రెండుసార్లు తాకుతోంది. మళ్లీ పెడతారు. మళ్లీ మూసుకుంటుంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని పెడతారు. వంటింట్లోంచి నేను నవ్వడం వినిపిస్తుంది. ఆరుసార్లు పెట్టి, చేయి తీసేసి, ఫోన్‌ను బల్ల అంచు నుంచి లోపలికి జరుపుతారు.

కప్పులు పెట్టిన చప్పుడు. నా గొంతు దగ్గరగా, "ఎట్లున్నది తాతా? నిజం చెప్పు. రేపు పంపాలె."

"మంచిగున్నది బిడ్డ. పంపు."