కాల్‌షీటు లేని కోడిపిల్లలు

ఐదు వేల ప్రాణాలు, ఒక స్త్రీ పట్టుదల, మండుటెండలో ప్రయాణం, చివరి నిమిషంలో మలుపు. ఫిల్మ్ నగర్‌లో ఉద్యోగం చేసినవాడిగా ఇలా మొదలుపెట్టే హక్కు నాకుందనుకుంటాను. కానీ మీరు కుర్చీ ముందుకు జరుపుకునేలోపే చెప్పేస్తున్నాను: ఇది ఒక కోడిపిల్లల వ్యాను ఎటు వెళ్లాలో తేలడానికి పట్టిన ఒక పూట సంగతి, అంతే.

తెలంగాణ ఏర్పడిన మరుసటి వేసవిలో మా కంపెనీ నన్ను ఫిల్మ్ నగర్ ఆఫీసుకు చిక్ ప్లేస్‌మెంట్ ఆఫీసరుగా వేసింది. తర్వాత స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను కనుక, రిటైరయ్యానంటే ఎవరూ నమ్మరు. జుట్టు ఇంకా నల్లగానే ఉంది. రంగు కాదు. బ్రాయిలర్ కోళ్ల కంపెనీకి ఫిల్మ్ నగర్‌లో ఏం పని అంటారా, మా చైర్మన్ గారు సినిమాలు కూడా తీసేవారు. కింది అంతస్తులో సినిమా, పై అంతస్తులో కోళ్లు. ఏది దేన్ని పోషిస్తోందో భవనంలో అందరికీ తెలుసు. కింద ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

నా పని పేరులో ఉన్నంత గంభీరమైనది కాదు. హేచరీలో గుడ్లు పద్దెనిమిది రోజులు సెట్టర్ అనే యంత్రంలో ఉంటాయి. అప్పుడు దీపం పెట్టి చూసి, పిండం లేనివి ఏరేసి, మిగిలినవి హేచర్‌లోకి మారుస్తారు. ఇరవై ఒకటో రోజు పిల్లలు బయటికి వస్తాయి. వాటిని ఏరి, టీకా వేసి, పెట్టెల్లో సర్ది వ్యాను ఎక్కిస్తారు. ఏ వారం ఎన్ని గుడ్లు పెట్టారు, అందులో ఎన్ని పిల్లలు రావచ్చు, అవి ఏ రైతు షెడ్డుకు వెళ్లాలి అన్నది నేను మూడు వారాల ముందే గోడమీది తెల్లబోర్డు పైన రాసి పెట్టాలి. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. పెంచినందుకు కంపెనీ కూలి కట్టి ఇస్తుంది. పిల్లలు రాకపోతే రైతుకు మిగిలేది రేకుల నీడ మాత్రమే.

ఆ వేసవి ఎండకు తల్లికోళ్లు మేత ముట్టడం తగ్గించాయి. గుడ్లు తగ్గాయి, వచ్చిన గుడ్లలో పిల్లలయ్యేవీ తగ్గాయి. అలా చాలాకాలం ఖాళీగా ఉండిపోయిన షెడ్లలో యాదమ్మది ఒకటి. ఆమెది చేవెళ్ల దాటాక ఒక ఊరు. సిమెంటు వ్యాపారి ఒకాయన ఆ షెడ్డును గోదాముకు అడుగుతున్నాడు. ఈసారి పిల్లలు రాకపోతే తాళం చెవి ఇచ్చేస్తానని ఆమె మాట ఇచ్చింది. కోళ్ల పనికి ఇక సెలవన్నమాట. నేను చెబుతున్న రోజున రావలసిన ఐదు వేల పిల్లలు బోర్డు మీద ఆమె పేరునే ఉన్నాయి.

కింది అంతస్తులో మా దర్శకుడికి కూడా ఐదు వేల పిల్లలే కావాలి. పాటలో పసుపు చీర కట్టుకున్న హీరోయిన్ వెంట పసుపు కోడిపిల్లలు సముద్రంలా పరుగెత్తాలట. ఆ షూటింగు వచ్చే వారం అన్నారు. దానికోసం వేరే గుడ్లు పెట్టించి ఉంచాను. అయితే హీరోయిన్ డేట్లు మారాయి, కాల్‌షీటు ఈ రోజుకు జరిగింది. పొద్దున్నే ఆయన నన్ను కిందికి పిలిపించారు.

"బ్రదర్, వచ్చే వారం బ్యాచ్‌ని ఈ రోజుకు ప్రీపోన్ చేసెయ్యండి."

"అవింకా గుడ్లలో ఉన్నాయి సార్."

"కాస్త వేడి పెంచితే తొందరగా రావా?"

"వస్తాయి సార్. ఆమ్లెట్లుగా."

ఆయన నవ్వలేదు. చైర్మన్ గారికి ఫోను కొట్టారు. తర్వాత చైర్మన్ గారు నాకు కొట్టారు. "ఏమయ్యా, ఇంట్లో సరుకు ఇంట్లోవాళ్లకే లేదంటావా? ఇవాళ్టి వ్యానుని ఇటు తిప్పు," అని పెట్టేశారు. తరవాత ఆయన విమానం ఎక్కారు, ఫోను ఆగిపోయింది. కింది అంతస్తులో తేదీలు రబ్బరులాంటివి, లాగితే సాగుతాయి. పిలిస్తే రావడం, వద్దంటే ఆగడం అందరికీ అలవాటే. గుడ్డుకి ఆ అలవాటు లేదన్న సంగతి ఆ అంతస్తులో ఎవరికీ తట్టదు.

వ్యాను సిద్దిపేట రోడ్డులోని మా హేచరీ నుంచి బయలుదేరి నగరంలోకి మళ్లింది. నేను మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. పైన కూర్చుంటే కింది నుంచి పిలుపు, కిందికి వెళితే పైన ఫోను. ఆ ఫోన్లలో సగం యాదమ్మవి. ఎత్తి ఏమని చెప్పాలో తెలియక మోగనిచ్చాను. కాసేపటికి ఫోను మోగడం మానేసింది. హమ్మయ్య అనుకుని కిందికి దిగితే, రిసెప్షన్‌లో వేషాల కోసం ఫోటో ఆల్బమ్‌లు ఒళ్లో పెట్టుకుని వచ్చిన ఇద్దరు కృష్ణానగర్ కుర్రాళ్ల మధ్య ఆమే కూర్చుని ఉంది.

ప్రొడక్షన్ మేనేజరు అప్పటికే ఆమెను చూసి, "ముఖం బాగుందమ్మా, సహజంగా ఉంది. ఇంతకుముందు ఏమన్నా చేశారా?" అని అడుగుతున్నాడు.

"చేసిన. ముప్పై బ్యాచులు చేసిన," అంది యాదమ్మ. నన్ను చూసి లేచింది. "ఏంది సారు, ఫోనెత్తవైతివి? బండి ఏడిదాకా వచ్చింది? నిన్న మాపటి నుంచి బల్బులు పెట్టి షెడ్డు వేడి చేస్తున్నం. మా ఆయన గాడనే ఉన్నడు. సిమెంటు సేటు గేటు కాడ నిలబడ్డడు."

నిజం చెప్పాను. పెద్దగా ధైర్యమేమీ కాదు. ఆమెను దాటితే గానీ తలుపు నాకు అందదు.

ఆమె ఏడుస్తుందని ఆ కుర్రాళ్లిద్దరూ ఆల్బమ్‌లు మూసి సిద్ధమయ్యారు. ఆమె ఏడవలేదు. "గీ సినిమా సారు ఏడున్నడు?" అంది.

అంతలో డ్రైవరు ఫోను. యూసుఫ్‌గూడ దాటి కృష్ణానగర్ దగ్గర మెట్రో కోసం రోడ్డు తవ్వేశారు. వ్యాను కదలడం లేదు. కోడిపిల్లల వ్యాను కదులుతుంటేనే గాలి. ఆగితే వెనకాల ఉన్నది ఓవెనే. పిల్లలు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయన్నాడు. వెనక తలుపులు తెరిచి, పెట్టెల మధ్య సందు చేసి, గోనెసంచి తడిపి పైకప్పు మీద పరవమన్నాను. పెట్టెలు మాత్రం తడవకూడదన్నాను. ఫోను పెట్టేసి చూస్తే యాదమ్మ రిసెప్షన్‌లో లేదు.

దర్శకుడి గదిలో ఉంది. నేను వెళ్లేసరికి ఆమె తన సెల్‌ఫోను ఆయన ముఖానికి దగ్గరగా పట్టుకుని, "జర చూడుర్రి సారు, గిదంతా ఉత్తగనే పోవాల్నా?" అంటోంది. తెరమీద ఆమె షెడ్డు. నేలంతా తెల్లకాగితం, గుండ్రంగా కట్టిన రేకు తడికలు, మధ్యలో వరసగా వేలాడే పసుపుపచ్చటి బల్బులు, కింద లేత పొగలాంటి వేడి.

దర్శకుడు ఫోను చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు చూశారు.

"లైటింగ్ ఎవరు చేశారండీ?"

"మా ఆయన."

"ఎక్కడ పనిచేశారు ఇంతకుముందు?"

"యాడ పనిచేస్తడు సారు, గా షెడ్డులనే."

ఆయన కళ్లు మూసుకున్నారు. దర్శకులు కళ్లు మూసుకుంటే బడ్జెట్ పెరుగుతుందని కింది అంతస్తులో భయం. ఈసారి మాత్రం, "పిల్లల్ని ఇక్కడికి ఎందుకు? కెమెరా అక్కడికి పోదాం. హీరోయిన్‌ని విడిగా తీసి తర్వాత కలుపుకుందాం," అన్నారు. యాదమ్మ ఫోను సంగతి మరిచి, అది పూర్తిగా తన ఆలోచనేనని సాయంత్రానికల్లా నమ్మేశారు కూడా. నేను అభ్యంతరం చెప్పలేదు. మంచి ఆలోచనను కన్నవాళ్లు ఎవరైతేనేం.

నేను వెంటనే డ్రైవరుకు చెప్పాను. వ్యాను ఎలాగో ఆ తవ్వకాలు దాటి, మా ఆఫీసు ముందు నుంచే ఆగకుండా చేవెళ్ల వైపు వెళ్లిపోయింది. కిటికీలోంచి అది చూశాక యాదమ్మ కుదుటపడి కూర్చుంది. కూర్చున్న వెంటనే లేచి, షూటింగు యూనిట్ వ్యానులో ముందు సీటు ఎక్కింది. నేనూ దర్శకుడూ వెనక సర్దుకున్నాం.

షెడ్డు ముందు సిమెంటు వ్యాపారి స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. యాదమ్మ ఆయనతో ఒక్క మాటే అంది. "పిల్లలొచ్చినయి సేటు, ఏమనుకోకు." ఆయన కెమెరా వంక కాసేపు చూసి, స్కూటర్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

పెట్టెలు దించి లెక్క చూశాం. కొన్ని పోయాయి. అనుకున్నదానికన్నా తక్కువే. రోగాలు లోపలికి పోకుండా ద్వారం దగ్గర మందు నీళ్ల తొట్టి ఉంటుంది. దర్శకుడి తెల్ల బూట్లు అందులో దిగి ఊదా రంగులో పైకి వచ్చాయి. పిల్లలకు ముందు బెల్లం నీళ్లు, ఆ తర్వాతే నూక. ఈ వరసను ఏ దర్శకుడూ మార్చలేడు. ఆయన గంటసేపు వాచీ చూసుకుంటూ నిలబడ్డారు.

చివరికి "యాక్షన్!" అని అరిచారు.

నీళ్లు తాగి, కడుపు నిండి, వెచ్చగా ఉన్న పిల్లలన్నీ అప్పటికే కాళ్లు చాపుకుని నిద్రపోతున్నాయి. మా వృత్తిలో ఇంతకన్నా మంచి దృశ్యం ఉండదు. బ్రూడింగ్, అంటే పిల్లలకు పట్టే వెచ్చదనం, సరిగ్గా ఉందనడానికి అదే రుజువు. సినిమాకి మాత్రం అది పనికిరాదు. వాటిని లేపడానికి ఆయన చప్పట్లు కొట్టబోయారు.

యాదమ్మ ఆయన చెయ్యి పట్టేసింది. "చప్పుడు చెయ్యకు సారు! బెదిరితే అన్నీ ఒక మూలకు ఉరికి, ఒకదాని మీద ఒకటి పడి చస్తయి."

ఐదు వేల పిల్లల సముద్రం కావాలన్న మనిషి గొంతు తగ్గించి, నిద్రపోతున్న సముద్రాన్నే తీసుకుని, గుసగుసగా "కట్" అన్నారు. ఎడిటింగ్‌లో ఆ ముక్క పోయిందని తర్వాత విన్నాను.

నేను నేర్చుకున్నది చిన్నదే. గుడ్డు సెట్టర్‌లోకి వెళ్లాక పుట్టే రోజు ఎవరి చేతిలోనూ ఉండదు. మార్చగలిగింది బండి వెళ్లే దారి ఒక్కటే. కాబట్టి అడగవలసినవాళ్లు గుడ్లు పెట్టకముందే అడగాలి. అప్పటి నుంచి, లాగితే సాగే కింది అంతస్తువాళ్ల షూటింగు తేదీలను నేను బోర్డు మీద రాయడం మానేశాను.

యాదమ్మ బ్యాచ్ మామూలుగా పెరిగింది, మామూలు బరువుకే లారీ ఎక్కింది. ఒక బ్యాచ్ వెళ్లాక పాత ఊక ఎత్తేసి, కడిగి, సున్నం కొట్టి, షెడ్డును కనీసం రెండు వారాలు ఖాళీగా ఉంచాలి. ఆ రెండు వారాలూ లెక్కవేసుకుని, బోర్డు మీద ఆమె పేరు మళ్లీ ముందే రాసి పెట్టాను.