సాయంత్రానికో ముడి

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. మధ్యమధ్యలో "మళ్లొక్కసారి చెప్పు పెద్దమ్మా" అంటోంది, నా గొంతు సగం మాటలను మింగేస్తుంది కాబట్టి. ఖమ్మంలో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి ఏళ్లతరబడి పోయినదాన్ని. ఆ ఘాటు గొంతులోనే ఉండిపోయింది. మెల్లగా మాట్లాడినా తిట్టినట్టే ఉంటుంది. మా ఆయన బతికున్నప్పుడు "నువ్వు పిలిస్తే పండుకున్న ఎద్దులు గూడ లేచి నిలబడతయ్" అని నవ్వేవాడు.

ఆయన పోయిన మరుసటి ఎండాకాలం బూర్గంపాడు దగ్గర ఒక బడిలో వేసవి శిబిరం పెట్టారు. బడి ముఖం చూడని అడవి ఊళ్ల ఆడపిల్లలను తెచ్చి, ఎండాకాలమంతా అక్కడే ఉంచి, నాలుగక్షరాలు నేర్పి, జూన్‌లో హాస్టల్ బడిలో చేర్పించాలని. అందులో నేను ఆయాను. స్నానాలు చేయించడం, తలలు దువ్వడం, పేలు చూడడం, అన్నాల దగ్గర కూర్చోవడం నా పని.

పినపాక అడవిలో ఒక కోయ ఊరి నుంచి ముసలాయన ఒకడు తన మనవరాలిని తీసుకొచ్చాడు. ఆ పిల్లకు తల్లీ తండ్రీ లేరు. మాటలు కూడా లేనట్టే. ఆకలేస్తే కడుపు మీద కొట్టుకునేది, కోపమొస్తే కొరికేది. ముసలాయన శిబిరం నడిపే సారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను పోయినంక దీనికెవరు గింత బువ్వ పెడతరు సారూ? ఏదన్న ఒక జాగ దీనికి అలవాటు కావాలె. నేనుండంగనే కావాలె."

అంతే చెప్పి బీడీలు చుట్టే తునికాకు కోతకు వెళ్లిపోయాడు. ఆ కాలంలో ఊరు ఊరంతా ఆకు మీదే బతుకుతుంది.

మొదటి రోజులు కష్టంగానే గడిచాయి. బడి గంటంటే వేలాడదీసిన ఇనుపముక్క. అది మోగితే చాలు, ఆ పిల్ల బెంచీ కిందకు దూరేది. వరుసలో ఎవరి చెయ్యి తగిలినా పళ్లు దింపేది. నేను "రా బిడ్డా" అంటే చెవులు మూసుకుని గోడవైపు తిరిగేది. తోటి కోయ పిల్లలు వాళ్ల మాటల్లో పిలిచినా పలికేది కాదు. పొద్దు వాలిందంటే సంచి భుజానికేసుకుని గేటు దగ్గరకు పోయి, కడ్డీలు పట్టుకుని ఏడ్చేది. ఆ ఏడుపుకు మిగతా పిల్లలు కూడా ఇల్లు గుర్తొచ్చి మొదలుపెట్టేవాళ్లు.

సారు చెడ్డవాడు కాదు. కానీ భయపడ్డాడు.

"ఆయమ్మా, నిన్న ఒక పిల్ల చెయ్యి వాచిపోయింది. రేపు ఇంకొక పిల్లకు రక్తం వస్తే వాళ్ల నాయనలకు నేనేం జవాబు చెప్పాలె? హాస్టల్ సీట్లు ఎవరికియ్యాల్నో సూడను పైనుంచి మేడం వస్తది. గప్పటికి గీ పిల్ల కుదురుకోకుంటే ఇంటికి పంపుడే."

ఇల్లెక్కడుంది పంపడానికి? తాత అడవిలో ఉన్నాడు.

టీచరమ్మది సత్తుపల్లి వైపు. చిన్న వయసు. ఇలాంటి పిల్లల గురించి ఎక్కడో కొన్నాళ్లు శిక్షణ తీసుకుని వచ్చింది. ఆమె నాతో అంది, "ఆయమ్మా, మీరు ఆ పిల్ల దగ్గర మాట్లాడకండి. చేతులతో చూపించండి, చాలు."

"నా గొంతు నీక్కూడ భయమే గదా?" అన్నాను.

"నాక్కొంచెం అలవాటైంది లెండి" అని నవ్వింది.

అలా నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. గంట కొట్టేముందు ఆ పిల్ల ఎక్కడున్నా వెతుక్కుంటూ పోయి అరచెయ్యి చూపించేదాన్ని. ఆమె చెవులు మూసుకునేది, నేను గంట కొట్టే అమ్మాయికి సైగ చేసేదాన్ని. బెంచీ కిందకు దూరడం అట్లా తగ్గింది.

టీచరమ్మ వరండా గోడ మీద సుద్దముక్కతో బొమ్మలు వేసింది. ముందు బకెట్టు, తర్వాత కంచం, పలక, మళ్లీ కంచం, చివరికి చాప. ఒక్కో పని అయిపోగానే ఆ పిల్ల చేత ఆ బొమ్మను చెరిపించేది. రెండోరోజు పొద్దున నేను సబ్బు పట్టుకుని వచ్చేసరికి గోడ మీద బకెట్టు లేదు. ఆ పిల్ల అరచేతినిండా సుద్ద. తలకు పోసుకోవడం దానికి ఇష్టం లేదు మరి.

నేను కొంగు నడుముకు దోపి పట్టుకోబోయాను. టీచరమ్మ అడ్డం వచ్చి, "చూశారా, మాట్లాడింది! వద్దని చెప్పింది!" అని చప్పట్లు కొట్టింది.

"వద్దంటే ఒంటి వాసన పోతదా టీచరమ్మా?"

"ఇవాళ్టికి కాళ్లూ చేతులూ కడగండి. రేపు తలకు పోద్దాం."

మర్నాడు బకెట్టు బొమ్మ చెరగకుండా ఉంది. తలకు పోయించుకుంది, మొహం ముడుచుకునే.

పగలు కుదిరింది. సాయంత్రం మాత్రం కుదరలేదు. తాత ఎప్పుడొస్తాడని ఆ పిల్ల అడుగుతోందని మాకు తెలుస్తూనే ఉంది. దానికి గోడ మీద ఏ బొమ్మ వేయాలో టీచరమ్మకు కూడా తోచలేదు.

సంతరోజున తాత వచ్చాడు. గేటు దగ్గరే నన్నడిగాడు.

"ఎవర్నన్న కొట్టిందా?"

"కొరికింది."

"గంతేనా? నన్నయితే ఎముకదాక కొరికింది, సూడు" అని మోచెయ్యి చూపించాడు, అదేదో గొప్పలాగా.

టీచరమ్మ సాయంత్రాల సంగతి చెప్పింది. ముసలాయన నుదురు కొట్టుకున్నాడు. "నాకు బుద్ధి లేకపాయె. మా కోయోళ్లల్ల పెండ్లికి పిలువను పోతే తాడుకు ముడులేసి ఇస్తం. దినం పోయిందంటే ఒక ముడి ఇప్పాలె. ముడులు అయిపోయిననాడు పెండ్లి. గది ఇచ్చి పోవాలె గదా నేను!"

ఆకు కట్టలు కట్టే నార ఆయన నడుముకే ఉంది. నేలమీద కూర్చుని, పొద్దు పొడిచేవైపు నుంచి కుంకేవైపు దాకా చెయ్యి తిప్పి చూపిస్తూ ఒక ముడి వేశాడు. మళ్లీ చెయ్యి తిప్పి మరొకటి, అట్లా తాను తిరిగొచ్చే రోజుదాకా. చివరి ముడిలో తన ఎర్ర తువ్వాల అంచు చించి దోపాడు. ఆ ఎర్రగుడ్డను తన ఛాతీకి తాకించుకుని వాళ్ల మాటల్లో ఏదో అన్నాడు. ఆ పిల్ల గుడ్డను వాసన చూసింది.

ఆ సాయంత్రం గేటు దగ్గరకు పోయింది గానీ, ఏడవలేదు. ఒక ముడి విప్పింది, నారను సంచిలో పెట్టుకుంది, వచ్చి అన్నానికి కూర్చుంది. మిగతా పిల్లలు ఊరుకుంటారా? వాళ్లకూ ముడులు కావాలన్నారు. పాత గోనెసంచి పురికొస తీసి అందరికీ వేసి ఇచ్చాను. సారు చూసి, "నాక్కూడ ఒకటియ్యి ఆయమ్మా, మా ఆమె పుట్టింటికెళ్లి ఎప్పుడొస్తదో సూసుకుంట" అన్నాడు.

అంతా బాగుందనుకునేసరికి అకాల వాన పడింది. కల్లాల్లో ఆరబోసిన ఆకు తడిసింది. పినపాక నుంచి వచ్చిన లారీ డ్రైవరు కబురు తెచ్చాడు. "ముసలాయన ఇప్పట్ల రాడు. ఆకు మళ్ల ఆరబొయ్యాలె. ఎప్పుడొస్తడో ఆయనకే తెల్వదు."

అప్పటికి నార మీద ఒక ఉత్త ముడి, దాని కింద ఎర్రగుడ్డ ముడి మిగిలాయి. మేడం వచ్చేది కూడా ఆ వారంలోనే.

సారు నన్ను పక్కకు పిలిచాడు. "ఆ పిల్ల సూడకుండ ఇంకొన్ని ముడులెయ్యి. దానికేం తెలుస్తది?"

టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. "తెలిస్తే ఇక ఏ బొమ్మనీ నమ్మదు సార్. మనల్నీ నమ్మదు."

"నమ్మకం సంగతి తర్వాత. మేడం వచ్చిననాడు గేటు కాడ ఏడ్పు ఇనబడితే సీటు పోతది. గప్పుడు తాతకు నువ్వు జెప్తవా?"

నాకు సారు మాటా నిజమే అనిపించింది. కానీ ఆ ముడులు వేసింది ముసలాయన. ఆయన మాట మీద నా చెయ్యి పెట్టడానికి మనసొప్పలేదు. "ఎదురుంగనే చెప్దాం సారూ. ఏడిస్తే నా దగ్గర ఏడుస్తది" అన్నాను. సారు నిట్టూర్చి, "మీ ఇష్టం" అన్నాడు.

పగటిపూటే చెప్పాము. టీచరమ్మ గోడ మీద వాన గీసింది, తడిసిన ఆకు కట్టలు గీసింది, చెట్టు కింద కూర్చున్న తాతను గీసింది. ఆ పిల్ల తేరిపార చూసింది. చూసి, రెండు చేతులతో వాననంతా చెరిపేసింది. టీచరమ్మ మళ్లీ గీసింది. ఈసారి ఆ పిల్ల నా ముంజేతిని కొరికింది. వదిలించుకోలేదు నేను. కొంచెంసేపటికి అదే వదిలింది.

సాయంత్రం సంచి వేసుకుని గేటు దగ్గర కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. మిగిలిన ఉత్త ముడి విప్పింది. ఎర్రగుడ్డ ముడి మీద వేళ్లు పెట్టింది గానీ విప్పలేదు. రోడ్డు వైపు చూసింది. ఒక బస్సు ఆగింది, ఎవరెవరో దిగారు. ఆ పిల్ల ఏడవబోతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఏదైనా అందామంటే నా గొంతు సంగతి నాకు తెలుసు.

చాలాసేపటికి ఆ పిల్ల నారను ఒళ్లో పరుచుకుంది. ఎర్రగుడ్డకు పైన, ఖాళీగా ఉన్నచోట, తానే ఒక ముడి వేసింది. లేచి అన్నానికి నడిచింది.

మరుసటి సాయంత్రం ఆ ముడి విప్పింది. రోడ్డు చూసింది. మళ్లీ వేసింది. ఆ మరుసటి రోజూ అంతే. ఒక్కో సాయంత్రం ఏడ్చింది కూడా, కానీ ముడి వేశాక ఆపేసింది.

మేడం జీపు సరిగ్గా ఆ వేళకే వచ్చింది. గేటు దగ్గర సంచితో కూర్చున్న పిల్లను చూసి, "ఈ పాప ఇక్కడెందుకుంది? ఏం చేస్తోంది?" అని అడిగింది.

సారు ముందుకు వచ్చాడు. "వాళ్ల తాత కోసం ఎదురుసూస్తుంది మేడం. ఇవాళ రాలేదని ముడేసుకుంటది, ఏసుకోని అన్నానికొస్తది. రోజూ గంతే. మీరు గూడ సూడున్రి."

మేడం నిలబడి చూసింది. ముడి పడింది. ఆ పిల్ల లేచి, మేడం చీర అంచు తొక్కుకుంటూ కంచాల దగ్గరకు పోయింది. మేడం చీర దులుపుకుని సారుతో, "హాస్టల్లో దీన్ని చూసుకునే మనిషి కావాలి కదా?" అంది.

"ఆయమ్మ ఉంది" అన్నాడు సారు, నన్నడక్కుండానే. నేను కాదనలేదు.

తాత ఆకు పని ముగించుకుని వచ్చిన రోజు ఆ పిల్ల ఎర్రగుడ్డ ముడి విప్పి, గుడ్డను ఆయన చేతిలో పెట్టింది. జూన్‌లో హాస్టల్‌కు ఆయనే తీసుకొచ్చాడు. వెళ్లబోతుంటే ఆయన్ను చెయ్యి పట్టి ఆపింది. సంచిలోంచి కొత్త నార తీసింది. నార పొడుగునా ముడులే. చివర తన పాత లంగా ముక్క దోపి ఉంది. దాన్ని ఆయన మణికట్టుకు చుట్టింది.

ముసలాయన ముడులను ఒక్కొక్కటే తడిమి చూశాడు. "గింత గట్టిగేసినవేందే? నా గోర్లకు వస్తయా ఇవి?" అని గొణిగాడు. ఆ పిల్ల చలించలేదు. ఆయన నా వైపు తిరిగి, "సూసినవా అక్కా, లేటైతే ఊకునేటట్టు లేదు" అని, నారను జారిపోకుండా ఇంకో చుట్టు చుట్టుకుని బస్సు వైపు నడిచాడు.