ద్వీపంలో నిలబెట్టిన నాలుగు రాళ్లు

ఉద్యోగం పోయిన మూడో వారంలో స్థలం కొనడానికి ఇండోనేషియా బయల్దేరాను. రాయదుర్గంలో పద్దెనిమిదేళ్లు పనిచేసిన కంపెనీ చేతిలో ఒక కవరు పెట్టి ఇంటికి పంపించింది. యాభై ఒకటో ఏట మళ్లీ ఇంటర్వ్యూలకు తిరిగే ఓపిక నాకు లేదు. సుంబా అనే ద్వీపంలో సముద్రం ఒడ్డున నేల చవకగా దొరుకుతుందనీ, నాలుగు గదులు వేసి అతిథులకు ఇచ్చుకుంటే హాయిగా బతికేయవచ్చనీ ఒక వీడియోలో చూశాను. అప్పటి నుంచి అదే ధ్యాస.

"మణికొండ బాల్కనీలో తులసి మొక్కనే బతికించలేకపోయాం. అక్కడ ఎకరం ఏం చేసుకుంటారండీ?" అంది మా ఆవిడ సరళ. తర్వాత కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. "మీరు సంతకం పెడితే ఈ ఫ్లాటు అమ్మేసి నేనూ వచ్చేస్తాను. ఇక వెనక్కి రావడం ఉండదు. అది గుర్తుంచుకుని చూడండి." ఇంకెవరైనా అయితే పోట్లాడేవారు. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోవడంతో నాకు అసలు భయం మొదలైంది.

నేల చూడటం నాకు రాదు. మాది తణుకు దగ్గర ఊరు, నాన్న బడిపంతులు, సెంటు భూమి లేదు. అందుకే మల్లేశ్‌ను తోడు రమ్మన్నాను. మల్లేశ్ తెల్లాపూర్ మనిషి. వాళ్ల పొలాలు విల్లాలయ్యాక ప్లాట్లు అమ్మిపెట్టే పనిలో దిగాడు. మా ఫ్లాటు చూపించింది కూడా ఆయనే, పదేళ్ల స్నేహం. "పాస్‌పోర్టు ఉన్నది గని దాని మీద ముద్ర ఒక్కటి లేదు సార్. పోదాం పాండ్రి," అన్నాడు.

శంషాబాద్‌లో ఉదయం పదకొండుకు విమానం. సింగపూర్‌లో ఒక పూట ఆగి మర్నాడు మధ్యాహ్నం బాలిలో దిగాం. దిగగానే వీసా తీసుకోవాలి, మనిషికి ఐదు లక్షలు. ఆ అంకె వినగానే మల్లేశ్ వరుసలోంచి పక్కకు జరిగాడు. అవి వాళ్ల రుపియాలనీ, మన లెక్కలో మూడు వేల లోపేననీ చెప్పి వెనక్కి లాక్కొచ్చాను.

మూడో రోజు ఉదయం ఎనిమిదిన్నరకు సుంబా వెళ్లే చిన్న విమానం ఎక్కాం. గంటకు పైగా ప్రయాణం. నా పక్క సీటులో కూర్చున్న, అక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒకావిడ ఇంగ్లీషు బాగా మాట్లాడింది. నేల చూడటానికి వెళ్తున్నామని చెప్తే, "వక్కలు కొన్నారా మరి?" అని అడిగింది. ఎవరింటికి వెళ్లినా ముందు వక్క, తమలపాకు తీగకు కాసే పొడుగాటి కాయ, సున్నం చేతిలో పెట్టాలట. ఆకు బదులు కాయ నములుతారు, అంతే తేడా. "గిదేంది సార్, మన తాంబూలమే! ఇగ ఫికర్ లేదు, బేరం అయినట్టే," అన్నాడు మల్లేశ్. విమానాశ్రయం బయట సంతలో అవన్నీ దొరికాయి. సున్నం రెండు పొట్లాలు ఎక్కువే కొన్నాం.

అక్కడి నుంచి అద్దె కారులో రెండున్నర గంటలు వెళ్లాలి. దారి పొడుగునా గడ్డి కొండలు, గుర్రాలు, మొక్కజొన్న చేలు. ఊరి మొదట్లో నీళ్ల ట్యాంకర్ ఎదురైంది. దాన్ని చూడగానే మణికొండ గుర్తొచ్చి నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఊళ్లో ఇరవై ఇళ్లుంటాయి. కప్పులు నిలువుగా, తాటిచెట్టంత ఎత్తున గడ్డితో కప్పి ఉన్నాయి. ఇళ్ల మధ్య వాకిట్లో పెద్ద పెద్ద రాతి బల్లలు కనిపించాయి. ఒకదాని మీద మొక్కజొన్న ఆరబోశారు, ఇంకోదాని మీద ముసలమ్మ కూర్చుని నూలు చుడుతోంది.

మాకు ఇల్లు చూపించిన మార్తా అక్కడి బడిలో టీచరు. వీడియోలో మాట్లాడింది ఆమే. నేల వాళ్ల నాన్నది. పెద్దాయన మేమిచ్చిన వక్క నోట్లో వేసుకుని, మమ్మల్ని తేరిపార చూసి, నవ్వాడు. ఆయన మాటలు మార్తా ఇంగ్లీషులో చెప్పేది. వాళ్లింట్లోనే పక్క గది ఇచ్చారు. అన్నం, కాల్చిన చేప, కర్రపెండలం ఆకు కూర పెట్టారు. మల్లేశ్ సంచిలోంచి ఆవకాయ సీసా తీశాడు. పెద్దాయన వేలితో నాకి చూసి రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

మర్నాడు ఉదయం ఏడింటికి నేల చూశాం. అబ్బ, ఎంత బాగుందో చెప్పలేను. కొబ్బరి చెట్లు దాటితే తెల్లటి ఇసుక, ఆ వెనక లేత నీలం నీళ్లు, ఎక్కడా మనిషి లేడు. రాయదుర్గం ట్రాఫిక్‌లో పద్దెనిమిదేళ్లు తోసుకుంటూ తిరిగిన మనిషికి ఏమనిపిస్తుందో మీరే ఊహించుకోండి. అక్కడే ఉండిపోవాలనిపించింది.

చట్టం సంగతి మార్తా దాచకుండా చెప్పింది. విదేశీయుడికి అక్కడ నేల సొంతం కాదు, పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో కౌలు పత్రం రాసుకోవాలి. కొందరు స్థానికుల పేరిట కొని, తర్వాత గొడవల్లో పడతారట. "బినామీ అన్నట్టు. అది మనకెందుకు, కౌలే మంచిది సార్," అని మల్లేశ్ తేల్చేశాడు. కౌలు సంగతి మార్తా అడిగితే పెద్దాయన తల ఊపి, సాయంత్రం మాట్లాడదామన్నాడు. ఆ తల ఊపడమే మాకు చాలింది.

హైదరాబాద్‌లో నోటిమాట అయిన ప్లాటును ఒక్క పూట కూడా గుర్తు లేకుండా వదలరు. ఇంకో బ్రోకరు వచ్చేలోపు హద్దు పెట్టేయాలి. మల్లేశ్ ఫోనులో దిక్కులు చూసి, ఈశాన్యం తేల్చి, మిగిలిన సున్నంతో ఇంటికి ముగ్గు పోశాడు. నాలుగు మూలలా మోకాలెత్తు రాళ్లు నిలబెట్టాం. ఫోటో తీసి, కొండెక్కితే గానీ సిగ్నల్ రాదు కాబట్టి ఎక్కి, సరళకు పంపాను. 'మన ఇల్లు' అని కూడా రాశాను.

దిగి వచ్చేసరికి ఊరంతా అక్కడే ఉంది. నూలు చుట్టే ముసలమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన ఒక రాయి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"నాలుగు రాళ్లు నిలబెట్టి పైన మూత వేస్తే అది మాకు సమాధి," అంది మార్తా మెల్లగా. "మా వాకిట్లో ఉన్నవన్నీ అవే. ఎవరు పోయారని అందరూ పరుగెత్తుకొచ్చారు."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్షమించమని చేతులు జోడించాను. పెద్దాయనకు కోపం రాలేదు. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. మార్తా చేత నన్నొక మాట అడిగించాడు. "ఇక్కడ పడుకోవడానికి వస్తున్నావా? అలా అయితే మంచిదే, ఆ రాళ్లు ఉంచుదాం. నువ్వు పోతే మూత రాయి మేం లాక్కొచ్చి వేస్తాం."

గదులు, అతిథులు, సూర్యాస్తమయాలు, అన్నీ ఆలోచించాను. అక్కడ చచ్చిపోవడం గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. ఆయన మల్లేశ్ వైపు తిరిగి, "మీ పెద్దవాళ్లెక్కడున్నారు?" అన్నాడు.

మల్లేశ్ చేతికంటిన సున్నం దులుపుకున్నాడు. "మా తాత, నాయినమ్మ పొలంల ఉండేటోళ్లు సార్, బాయి పక్కన. విల్లాలకిచ్చినప్పుడు సమాధులు తీసేస్తమన్నరు. నేనే సంతకం పెట్టిన. ఇప్పుడు గాడ స్విమ్మింగ్ పూల్ ఉంది," అన్నాడు. నేను ఇంగ్లీషులోకి మార్చాను, మార్తా వాళ్ల భాషలోకి మార్చింది. పెద్దాయన లేచి వచ్చి మల్లేశ్ చేతిలో ఒక వక్క పెట్టాడు. ఆ రాళ్లు మేమే తీసేశాం.

సాయంత్రం మార్తాతో కౌలు వద్దని చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది. "మీరు కాకపోతే ఇంకొకరు వస్తారు. వాళ్లు మా ఇంటికి రారు, నేరుగా నోటరీ దగ్గరికి వెళ్తారు. నాకూ ఆ కౌలు అవసరమే," అంది. ఆమె మాట నిజం. కొండెక్కి సరళకు ఫోన్ చేశాను.

"పెట్టారా సంతకం?"

"లేదు. ఇక్కడే పోతావా అని అడిగారు."

"మణికొండలో మనల్ని అదెవరూ అడగలేదండీ," అంది సరళ.

వచ్చిన దారినే తిరిగి వచ్చాం. మీలో ఎవరైనా వెళ్తే మార్తా వాళ్ల పక్క గదిలో దిగండి, నాలుగు రోజులుండండి, వక్కలు తీసుకెళ్లండి. నేల కావాలనుకుంటే పెద్దాయన ప్రశ్నకు ముందే జవాబు సిద్ధం చేసుకోండి. చూసొచ్చిన సముద్రం కన్నా ఆ వాకిలే నాకు ఎక్కువ గుర్తుంది. చనిపోయినవాళ్ల మీద మొక్కజొన్న ఆరబోసుకుని బతుకుతున్న ఊరు అది.

ఉదయం తొమ్మిదిన్నరకు శంషాబాద్‌లో దిగాం. క్యాబ్‌ను ముందు తెల్లాపూర్ పోనివ్వమన్నాడు మల్లేశ్. ఇంటికి కాదు, ఆ విల్లాల గేటు దగ్గరికి. సెక్యూరిటీ పెద్దమనిషి పలక లాంటి ఫోను పట్టుకుని వచ్చాడు.

"ఏ విల్లా సార్?"

"పూల్ కాడికి పోవాలె."

"రెసిడెంట్స్‌కే సార్. లోపల మీవాళ్లెవరన్నా ఉన్నరా?"

"ఉన్నరు," అన్నాడు మల్లేశ్. "మా తాత, నాయినమ్మ."

"నంబర్ చెప్పుండ్రి మరి. వాళ్లు ఓకే అంటేనే పంపుత."

ఆయన ఫోను మీద వేలు పెట్టి ఎదురుచూస్తున్నాడు. మల్లేశ్ గేటు బయటే చెప్పులు విప్పాడు.