తహసీల్దారుగారి పూచీ

మా ఎదురింటి తహసీల్దారుగారు ఈ నెల మొదట్లో నిద్రలోనే పోయారు. తెల్లవారేసరికి చింతామణి ఊళ్ళో మా వీధి వీధంతా వాళ్ళ గుమ్మం ముందు చేరింది. అందరితోపాటు నేనూ ఏడ్చాను. ఏడుస్తుండగానే, దిల్లీ నుంచి ఆయనకు ఇంకా ఫోను రాలేదని గుర్తొచ్చింది.

గల్ఫ్‌లోని మన కాన్సులేట్‌లో ఒక ఉద్యోగం. కష్టాల్లో చిక్కుకున్న మన కూలీల గోడు వినాలి. ఇంటర్వ్యూ అయింది. ఇక నన్నెరిగిన పెద్దమనిషి ఒకరితో దిల్లీవాళ్ళు ఫోనులో మాట్లాడాలి. నేను తహసీల్దారుగారి పేరిచ్చాను.

ఆ పేరు ఊరికే దొరకలేదు. రిటైరైనా ఆయన దగ్గరికి సిఫార్సుల కోసం జనం వస్తూనే ఉండేవారు. మొహమాటం ఎరగని మనిషి. "నువ్వెవరో నాకేం తెలుసప్పా? రేపు పొద్దున్నే వచ్చి నాతో నడువు" అనేవారు. చాలామంది మర్నాడు కనిపించేవారు కాదు. అవసరం నాది గనక టమాటా మండీ చుట్టూ రోజూ ఆయన వెంట నడిచాను. ఒకనాడు ఉండబట్టలేక, ఇంత పరీక్ష దేనికి సార్ అని అడిగేశాను.

"తెలీనోన్ని మంచోడని చెప్పేస్తే, రేపు పరాయి దేశంలో వాని ముందర ఏడుస్తా నిలబడేవాళ్ళకు ఎవురు దిక్కప్పా?" అన్నారు.

మండీ దగ్గర వేడి బోండాలు కనిపిస్తే మాత్రం ఆయనకు షుగరు సంగతి గుర్తుండేది కాదు. మాత్రలూ అంతే. నేను ఆయన ఇంట్లోనే ఆయన మీద గట్టిగా అరిచిన రోజులున్నాయి. "నీ కోపం గురించి కూడా దిల్లీకి చెప్తా, ఉండు" అని నవ్వేవారు. అన్నంత పనీ చేస్తారని నాకు నిజంగానే భయం.

నిన్న కర్మ భోజనాలు వడ్డిస్తుంటే ఆయన ఫోను మోగింది. ఆయన భార్య తీసింది.

"మా సారు పోయినారప్పా" అంది.

సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడిపోయాను. ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"ఎదురింటి పిల్లోడే కదా, నాకూ తెలుసు. కోపం జాస్తి ఉండాది. దాచొద్దని మా సారు చెప్పినారు."

అవతలివాళ్ళు ఏదో అడిగారు.

"ఎవురి మీదనా? మా సారు మాత్రలు ఏసుకోకుంటే, చెప్పలేక నేను గమ్మున ఉండేదాన్ని. ఈ పిల్లోడు వచ్చి అరిచేవాడు. ఆయన ఏసుకునేదాకా యాడికీ పోయేవాడు కాదు."

అవతల ఏమన్నారో నాకు వినబడలేదు. వాళ్ళు పెట్టేసినట్టున్నారు, ఫోను వెలుగు ఒకసారి వెలిగి ఆరిపోయింది. వాళ్ళు ఇంకేమన్నా అడుగుతారేమోనని, ఆమె దాన్ని చెవి దగ్గరే పట్టుకుని అలాగే నిలబడి ఉంది.