కోడేరు బాటలో ఫట్‌ఫటి

అది నా పెళ్లయిన రెండో చలికాలం. కోడేరులో మా అవ్వ మంచం పట్టిందని, నన్నే కలవరిస్తోందని కొల్లాపూర్ సంతకు వచ్చిన మా ఊరివాళ్లు చెప్పిపోయారు. తల్లి లేని నన్ను పెంచింది అవ్వే. ఆమె ఊపిరి ఉండగా చేరుకుంటానా లేదా అన్న గుబులొక్కటే నన్ను తినేస్తోంది. ఎడ్లబండి కట్టిస్తే పొద్దుగూకుతుంది.

"ఫట్‌ఫటి మీద పోదాం. ఎండ ఎక్కకముందే దింపుత," అన్నాడు మా ఆయన.

ఫట్‌ఫటి అంటే ఆయన మోటారు సైకిలు. యుద్ధం ముగిశాక మిలటరీవాళ్లు వేలంలో వదిలించుకున్నది. దాంతోపాటు ఒక ఖాకీ పొడుగు కోటు కూడా మా ఇంటికొచ్చింది. ఆ రెండింటినీ చూసుకుని ఆయన మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండేది. ఆ పొద్దు మాత్రం నోరు మూసుకుని, వెనకాల మడిచి కట్టిన గోనెసంచి మీద ఒక పక్కకు కూర్చున్నాను.

అసలు బాటంటూ ఉంటే కదా! ఎడ్లబండ్లు తొక్కీ తొక్కీ పడ్డ రెండు గాడులు, నడుమ గడ్డి. మేము ఒక గాడిలో పడి పోతున్నాం.

"గట్టిగ పట్టుకో, ఊగకు. గాడి తప్పితే ఇద్దరం కంపల పడ్తం," అన్నాడు ఆయన.

మంచులో ముందు చక్రం కూడా సరిగా కనబడలేదు. కంది చేల వాసన మాత్రం తెలుస్తోంది. జొన్నకంకులు తగిలి చెయ్యి మోచేతిదాకా తడిసింది. ఎక్కడో కౌజుపిట్టలు బుర్రున లేచాయి. వాగు ఇసుకలో చక్రం కూరుకుపోతే దిగి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, సల్లటి నీళ్లలో నేనూ నెట్టాను. కాళ్లు కొయ్యబారాయి. మళ్లీ ఎక్కి కూర్చున్నాక నేల మీద పోతున్నానో నిద్రలో పోతున్నానో తెలియని హాయి. అవ్వ అట్లా ఉంటే నీకీ హాయేమిటే అని నామీద నాకే కోపం వచ్చింది.

దారి చీలిన చోట ఎటు పోవాలో తెలియక ఒక పల్లెలో ఆగాం. అడుగుదామంటే మనిషి లేడు. వాకిట్లో చలిమంట మండుతోంది, చుట్టూ ఎవరూ లేరు. కొట్టంలో పేడ ఇంకా ఆవిర్లు కక్కుతోంది, ఎడ్లు లేవు. మంచు ఊరిని మింగేసిందేమో అనిపించింది. చిత్రంగా నాకు భయం వేయలేదు, కలలో తిరుగుతున్నట్టే ఉంది. ఒక ఇంటి ముందు పొయ్యి మీద జొన్నరొట్టె మాడుతుంటే మనసొప్పక తిరగేసి వచ్చాను. దారి మా ఆయనే ఊహించి పోనిచ్చాడు.

కోడేరులో మా వాడ కూడా అట్లాగే ఉంది. మా కొట్టం ఖాళీగా కనబడగానే నా కల చెదిరింది. మోటారు చప్పుడంటే మా పల్లెల్లో సర్కారు మనిషే. గిర్దావరు వచ్చాడంటే ఎడ్లను, బండిని వెట్టికి పట్టుకుపోతాడు, కూలి మాటే ఉండదు. అందుకే జనం ఎడ్లను చేలల్లోకి తోలి దాక్కుంటారు. చిన్నప్పుడు గుర్రపు డెక్కల చప్పుడుకు నేనూ అవ్వ చెయ్యి పట్టుకుని ఉరికినదాన్నే. కానీ వచ్చేది మనమైతే అది ఎట్లా గుర్తుకొస్తుంది? అవ్వను చూసుకునే చిన్నాయన, చిన్నమ్మ కూడా ఎడ్లతో పోయారు. లేవలేని అవ్వ ఇంట్లోనే ఉంది.

గొంగడి కప్పుకుని మంచం మీద ఒక్కతే ఉంది. చూపు ఆనదు. గడప దగ్గర మా ఆయన బూట్ల చప్పుడు కాగానే చేతులు జోడించింది.

"బాంచెన్ దొరా, కాల్మొక్త. ఎడ్లు లేవు. ఇంట్ల ఎవ్వలు లేరు."

నన్ను చూడాలని ప్రాణం నిలుపుకున్న మనిషి నాకు దండం పెడుతోంది. ఏడుస్తూ ఆ చేతులు విడదీసి నా చెంపల మీద పెట్టుకున్నాను.

"నేనే అవ్వా!"

ముక్కు, చెవులు, నెత్తి తడిమి తడిమి చూసి అప్పుడు నమ్మింది.

"మరి గా సప్పుడేంది బిడ్డా?"

"మా బండి."

"ఎడ్లెక్కడ కట్టేసిండ్రు?"

"దానికి ఎడ్లుండవు అవ్వా."

అవ్వ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"మంచిగైంది," అంది. "ఇగ ఎవ్వలు తోల్కపోరు."