దేవుని అర్రలో మిగిలిన సున్నం

సున్నాలు వేసే చాచా పోయాడన్న వార్త మొదట నాకు తెచ్చింది మా ఆడబిడ్డ. వనపర్తిలో మా వెనక వీధిలోనే ఉంటుంది, పొద్దున్నే పూజకని మా వాకిట్లో గోళెంలోని కనకాంబరాలు తెంపుకోవడానికి వచ్చి, తెంపుతూనే చెప్పింది. నేనప్పుడు మా కోడలు ఒళ్లో పెట్టిన రంగుల పుస్తకం తిప్పుతున్నాను. పాత మిద్దెకు మళ్లీ రంగులు వేయిస్తున్నారు, లోపలి అర్రలకు ఏ రంగు నప్పుతుందో నన్నే చెప్పమంది. ముసలిదాన్నైనా నన్ను అడిగే కోడలు దొరకడం దేవుడి దయ. కానీ ఆ మాట విన్నాక పుస్తకం మూసేశాను. ఈ ఇంటికి రంగు ఎంచే మొహం నాకు లేదు.

నేను కాపురానికి వచ్చిననాటి నుంచీ ఏటా ఉగాది ముందర చాచా వచ్చేవాడు. సున్నపురాళ్లు గోళెంలో పోసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికేవి. చల్లారాక తుమ్మబంక, చిటికెడు నీలిమందు కలిపి, మూరెడు మందం మట్టిగోడలకు పూతమీద పూత వేసేవాడు. అడుగున ఎర్రటి జాజు పట్టీ, టేకు స్తంభాలకు మాత్రం నూనె. మా ఇంటి కిటికీలు చిన్నవి, ఆ తెలుపే లోపలికి వెలుతురును లాక్కొచ్చేదని ఇప్పుడు తెలుస్తోంది. దేవుని అర్రకు వేసేరోజు ఎవరూ చెప్పకుండానే తలస్నానం చేసి వచ్చేవాడు.

ఒక ఏడు గద్వాలలో మా అక్క కొత్త స్లాబు ఇల్లు చూసి వచ్చాను. హాలు గోడలు పిస్తా రంగులో అద్దంలా మెరుస్తున్నాయి. ఇక మా సున్నం గోడలు నాకు పేదవాళ్ల గోడల్లా కనబడ్డాయి. ఈసారి ఆయిల్ పెయింటే వెయ్యాలని పట్టుబట్టాను. చాచా కుంచె కింద పెట్టి చెప్పాడు.

“జర ఇనమ్మా. ఇది మట్టిగోడ, ఊపిరి తీస్కుంటది. ఆయిల్ పెయింట్ ఏస్తే దాని ముక్కు మూసినట్టే. లోపలి చెమ్మ ఏడికి పోవాలె?”

“పని రాకుంటే రాదని చెప్పు చాచా, గోడ మీద పెట్టకు,” అన్నాను. బడికి పోని నాకు మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దిస్తూ, పనిమంతుడి మాట కొట్టెయ్యకని చెప్పేవాడు. ఆయన నేర్పిన అక్షరాలు వచ్చాయి గానీ ఆ మాట నాకు రాలేదు. చాచా నేనడిగిన రంగే వేశాడు. దేవుని అర్ర ఒక్కటన్నా సున్నంతో ఉండనియ్యమని బతిమాలితే, పోనీలెమ్మని ఒప్పుకున్నాను.

వానాకాలానికి గోడలు బొబ్బలెక్కాయి. శ్రావణంలో నోముకు వీధి ఆడవాళ్లంతా వచ్చి కూచుంటే, పెచ్చులు ఊడి పసుపు కుంకుమల పళ్లెంలో పడ్డాయి. తలకొట్టేసినట్టయింది. అదే సమయానికి వీధిన పోతున్న చాచాను లోపలికి పిలిచి, అందరి ముందర, పెయింటులో కిరసనాయిలు కలిపి మోసం చేశావన్నాను.

ఆయన గోడ వంక చూశాడు, నా వంక చూడలేదు.

“నేను కలపలేదమ్మా. మా అల్లా సూసిండు. మీ దేవుడు గూడ సూసిండు, పక్క అర్రలనే ఉండె గద.”

అంతే అని వెళ్లిపోయాడు. నా మాట మాత్రం ఆగలేదు, వీధులు తిరిగింది. ఆ తర్వాత ఆయనను ఎవరూ పనికి పిలవలేదు. కొల్లాపూర్‌లో కూతురి దగ్గరికి పోయి మామిడితోటల్లో కాయలు ఏరుతున్నాడని విన్నాను. మరుసటి ఏడు గద్వాల నుంచి పిలిపించిన పనివాడు అదే రంగు మళ్లీ వేస్తే, మళ్లీ వానలకు అవే బొబ్బలు. తప్పు ఎవరిదో ఆనాడే తెలిసిపోయింది. ఒక్క కబురు పంపితే చాలు. పంపలేదు.

చాలా ఏళ్ల తర్వాత కొల్లాపూర్‌లో ఒక పెళ్లిలో కనబడ్డాడు, చూపు మందగించింది. నా గొంతు పట్టి గుర్తుపట్టి, గోడలు మంచిగున్నయా అమ్మా అని అడిగాడు. చుట్టూ మావాళ్లున్నారు. మంచిగున్నయి చాచా, అన్నాను. గదే కావాలె, అని నవ్వాడు. ఆ మాట నమ్మాడో, నన్ను క్షమించాడో ఇక తెలిసే దారి లేదు.

నిన్న కోడలికి ఇదంతా చెప్పి, సున్నమే వేయించమన్నాను. రాళ్లు ఉడకబెట్టేవాళ్లు ఎవరూ లేరు, సంచుల్లో పొడి వస్తుందట. ఆయన సున్నం ఉడికించిన గోళెంలోనే మా కనకాంబరాలు పూస్తున్నాయి. దేవుని అర్ర మాత్రం ఆయన చేతి తెలుపుతోనే ఉంది. ఇన్నేళ్లూ ఆ వెలుతురులోనే దీపం పెట్టి, అన్నీ ఇచ్చావని స్వామికి దండం పెట్టుకున్నాను, అదెవరి చేతి వెలుతురో పైకి చెప్పకుండా.

నేనా మాట అన్నది పదిమంది ముందర. అందుకే పదిమంది ముందరే ఇది రాస్తున్నాను. చదివినవాళ్లు ఒక్కసారి ఆయనను తలుచుకోండి. చాచా ఆ పెయింటులో ఏమీ కలపలేదు.